రాత్రి రెండు గంటల దగ్గు

*యథార్థాల మీద అల్లిన గాథ*

ఆ మనిషికి పగలు దగ్గు రాదు. పగలంతా మడిలోనే ఉంటాడు. మొలగొలుకుల నాట్లు, కలుపు, కాలవ నీళ్ళ తగాదాలు అన్నీ ఊళ్ళో అందరితో సమానంగా చూసుకుంటాడు. రాత్రి అన్నం తిని నడుం వాలిస్తే మొదటి నిద్ర బాగానే పడుతుంది. మూడో జాములో మొదలవుతుంది అసలు కథ. ముందు గొంతులో గరగర, ఆ వెనక తెరలు తెరలుగా దగ్గు. లేచి కూర్చుంటే గానీ ఊపిరాడదు. రొమ్ములో పిల్లికూతలు. గంటా గంటన్నర అట్లా ఊగిపోయాక జిగట గల్ల కాస్త పడుతుంది. తెల్లవారుజామున ఒళ్ళు అలిసిపోయి కన్నంటుకుంటుంది.

ఊరు మనుబోలు. నెల్లూరికీ గూడూరికీ నడుమ, మద్రాసు నుంచి బెజవాడ పోయే రైలు దారి మీద ఉంటుంది. కాలం 1938.

"ఏందబ్బయా, రేత్రంతా ఒకటే దగ్గు. మా ఇంటిదాకా ఇనపడతా ఉండాది. గూడూరు పోయి చూపించుకోరాదా?" అన్నాడు పక్కింటి పెద్దాయన.

"చూపించినా మామా. ఉబ్బసం అన్యాడు ఒకాయన. క్షయేమో, మదనపల్లె పొమ్మన్యాడు ఇంకొకాయన."

పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు. అరుగు మీద కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.

ఆ జరగడంలోనే అంతా ఉంది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ఐదారేళ్ళు పడుతుంది. ఇంట్లో కంచం, చెంబు వేరయ్యాయి. చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. బిడ్డను ఎత్తుకోబోతే అత్తగారు మాటల్లో పెట్టి బిడ్డను లోపలికి తీసుకుపోయింది.

పాఠకులకు ముందే ఒక మాట. ఈ మనుబోలు రైతు, ఆయన ఇంటివాళ్ళు, ఆయనతో మాట్లాడే ఆస్పత్రి మనుషులు మా కల్పన. ఆయన జబ్బు, ఆయన వెళ్ళిన ఆస్పత్రి, అక్కడ డాక్టర్లు గుర్తించిన సంగతి, ఆ తర్వాత ఒక తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చిన మందు మాత్రం యథార్థం. అలాంటి రైతులు మన కోస్తాలో వేలమంది ఉండేవారు. ఇప్పుడూ ఉన్నారు.

శానిటోరియం

గూడూరులో బండి మారాడు. రేణిగుంట, పాకాల దాటి ధర్మవరం పోయే దారిలో మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగాడు. ఊరు అక్కడికి దూరం. జట్కాలో ఎక్కితే తోలేవాడు ముఖం చూసి, దగ్గు విని, "శానిటోరియానికేనా సామీ?" అని అడిగాడు.

ఆరోగ్యవరం అంటే దక్షిణ దేశమంతా తెలిసిన పేరు. అప్పటి చిత్తూరు జిల్లాలో, సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న మదనపల్లె పక్కన, క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి 1912లో స్థాపించిన క్షయ ఆస్పత్రి అది. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం దాని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని ఏళ్ళ తరబడి నడిపాడు. పొడి గాలి, కదలకుండా విశ్రాంతి, పుష్టికరమైన తిండి, అవసరమైతే సూదితో రొమ్ములోకి గాలి ఎక్కించి జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడుచుకునేలా చెయ్యడం. ఆ రోజుల్లో క్షయ వైద్యం అంటే ఇదే.

మన రైతుకు వరండాలో మంచం ఇచ్చారు. అటు పక్క మంచంలో ఉన్నాయన నెత్తురు కక్కుతున్నాడు. ఇటు పక్క ఉన్నాయన ఎముకల గూడు. రైతు తన చేతుల వంక చూసుకున్నాడు. బరువు కాస్త తగ్గిన మాట నిజమే గానీ, కండ ఎక్కడికీ పోలేదు. పక్కవాళ్ళు పగలూ రాత్రీ దగ్గుతున్నారు. తనకు మాత్రం అర్ధరాత్రి దాటితేనే.

ఎక్స్‌రే తీశారు. రెండు ఊపిరితిత్తుల నిండా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చిన్న చిన్న మచ్చలు. చూసిన ఏ డాక్టరైనా ఒక్కటే అంటాడు, ఒళ్ళంతా పాకిన క్షయ అని. మిలియరీ టీబీ వచ్చినవాడు అప్పట్లో వారాల్లో పోయేవాడు. ఈయనేమో వరండా చివరిదాకా నడిచి వెళ్ళి ముఖం కడుక్కొస్తున్నాడు.

గల్ల మూడు రోజులు వరసగా పరీక్ష చేశారు. క్షయ బాసిల్లస్ ఒక్కటి కూడా కనపడలేదు.

వంద కణాల లెక్క

ఇక్కడ కథ ప్రయోగశాలలోకి వెళుతుంది.

వేలికొన మీద సూదితో పొడిచి ఒక నెత్తురు బొట్టును గాజుపలక చివర పెట్టాడు టెక్నీషియను. ఇంకో పలక అంచును ఏటవాలుగా ఆనించి ఒకే ఊపుతో ముందుకు తోశాడు. నెత్తురు పల్చటి పొరలా పరుచుకుంది. గాలికి ఆరనిచ్చి లీష్మన్ రంగు చుక్కలు వేశాడు. రెండు నిమిషాలు ఆగి, రంగుకు రెట్టింపు నీళ్ళు కలిపి మరికొన్ని నిమిషాలు ఉంచాడు. కడిగి ఆరబెట్టి, పలక మీద నూనె బొట్టు వేసి, సూక్ష్మదర్శినిలో అన్నిటికంటే ఎక్కువ పెంచి చూపే కటకాన్ని దాని మీదికి దించాడు.

ఇప్పుడు లెక్క. పక్కన కాగితం మీద ఐదు గడులు, ఐదు రకాల తెల్ల కణాలకు. కనిపించిన ప్రతి తెల్ల కణానికీ దాని గడిలో ఒక గీత. వంద గీతలయ్యాక ఆపాలి. మామూలు మనిషికి ఇసినోఫిల్ గడిలో రెండో మూడో, మహా అయితే ఆరో గీతలు పడతాయి. ఈ కణాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. రెండు తమ్మెలుగా చీలిన కేంద్రకం, దాని చుట్టూ నారింజ ఎరుపులో మెరిసే రేణువులు. ఇయోసిన్ అనే ఎర్ర రంగును ఇష్టంగా పీల్చుకునే ఈ కణాన్ని 1879లో జర్మనీలో పాల్ ఎర్లిష్ వర్ణించాడు.

ఆ రోజు ఆ గడిలో గీతలు ఆగలేదు. ఇరవై, ముప్పై, యాభై. వంద పూర్తయ్యేసరికి అరవై రెండు. టెక్నీషియను పలకను పక్కన పెట్టి, ఇంకో బొట్టు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి అరవై.

"సారూ, ఈ స్లైడు మీరొకసారి చూడండి," అని అసిస్టెంటు డాక్టరును పిలిచాడు.

ఆయన చాలాసేపు చూశాడు. మొత్తం తెల్ల కణాలెన్ని అని అడిగాడు. ఘన మిల్లీమీటరుకు ఇరవై వేలు. అందులో అరవై రెండు శాతం అంటే పన్నెండు వేల నాలుగు వందల ఇసినోఫిల్స్. ఆరోగ్యవంతుడికి ఐదు వందలు దాటవు.

సాయంత్రం రౌండ్సులో ఆయన రైతు మంచం దగ్గర ఆగాడు.

"నీకు క్షయ లేదయ్యా."

రైతుకు నమ్మబుద్ధి కాలేదు. "మరి ఈ దగ్గేంది సారూ?"

"అదే మేమూ వెతుకుతున్నాం. నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు ఇక్కడ."

ఈ సంభాషణ మేం ఊహించి రాసింది. ఆరోగ్యవరంలో ఇలాంటి రోగులు ఒకరి తర్వాత ఒకరు పోగుపడ్డారన్నది మాత్రం రికార్డులో ఉన్న విషయం. 1940లో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ ఇద్దరూ కలిసి కలకత్తా నుంచి వెలువడే 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో ఒక వ్యాసం రాశారు. క్షయలా కనిపిస్తుంది గానీ క్షయ కాదు, నెత్తురులో ఇసినోఫిల్స్ విపరీతంగా పెరుగుతాయి అని ఆ జబ్బును విడదీసి చూపారు. మూడేళ్ళకు, 1943లో, వైన్‌గార్టెన్ అనే డాక్టర్ లండన్ 'లాన్సెట్' పత్రికలో ఎనభై ఒక్క మంది రోగుల వివరాలతో ఇదే జబ్బును వర్ణించి 'ట్రాపికల్ ఇసినోఫీలియా' అని పేరు పెట్టాడు. లోకానికి ఆ పేరే నిలిచింది. మదనపల్లె వ్యాసం దానికి ముందుది.

క్షయ ఆస్పత్రిలో ఉంటూ క్షయ కానిదాన్ని గుర్తుపట్టడం చిన్న పని కాదు. ఎక్స్‌రే ఒకటి చెబుతున్నా, గల్ల ఇంకోటి చెబుతున్నా, మనిషి తీరు మూడోది చెబుతున్నా, వాటిలో ఏదో ఒకదాన్ని నమ్మి ఊరుకోవడం తేలిక. వాళ్ళు ఊరుకోలేదు. రూపాయి ఖర్చు లేని ఒక నెత్తురు బొట్టు మీద గీతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

మన రైతు మనుబోలుకు తిరిగొచ్చాడు. కంచాలు మళ్ళీ కలిశాయి. దగ్గు మాత్రం పోలేదు. వైన్‌గార్టెన్ చెప్పిన మందు ఆర్సెనిక్ ఇంజెక్షన్లు, అంటే పాషాణం. గుణం ఇచ్చేది గానీ ఒంటికి ప్రమాదం. కొన్నేళ్ళ తర్వాత నెల్లూరులో ఒక డాక్టరు అవి వేస్తానంటే రైతు రెండు సూదులతోనే దండం పెట్టి వచ్చేశాడు.

భీమవరం నుంచి పెర్ల్ రివర్‌కు

ఆ రైతు రాత్రుళ్ళు దగ్గుతున్న కాలంలోనే, భూగోళానికి అవతల న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఒక తెలుగువాడు అమెరికన్ సైనికుల కోసం మందు వెతుకుతున్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తనకూ అదే జబ్బు వచ్చి, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేతి మందుతో బతికి బయటపడ్డాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నాడు. 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారి అక్కడి పరిశోధనను నడిపించాడు. ఫోలిక్ ఆమ్లం, పిల్లల లుకేమియాకు మొదటగా వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాలల నుంచి వచ్చినవే.

రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్ దీవుల్లో వేలమంది అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. మన కోస్తాలో బోదకాలు తెచ్చే పురుగే అది. దానికి సరైన మందు అప్పటికి లేదు. లెడర్లీలో పత్తి ఎలుకలకు ఫైలేరియా పురుగులు ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి రసాయనాలు పరీక్షించారు. వాటిలో 84-ఎల్ అన్న నంబరున్న రసాయనం పనిచేసింది. డైఇథైల్ కార్బమజీన్. 1947లో హ్యూయిట్, సుబ్బారావు, మరికొందరు ఆ ఫలితాలు ప్రచురించారు. కంపెనీ దానికి 'హెట్రజాన్' అని పేరు పెట్టింది. ఆ మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో సుబ్బారావు నిద్రలోనే చనిపోయాడు. అమెరికా వెళ్ళాక ఆయన మళ్ళీ తెలుగు నేల మీద అడుగు పెట్టలేదు.

ఆ మాత్ర మాత్రం వచ్చింది. 1950ల్లో భారతదేశంలోనూ, సింగపూర్‌లో డాక్టర్ దనరాజ్ చేతుల్లోనూ హెట్రజాన్ ట్రాపికల్ ఇసినోఫీలియా మీద ప్రయోగానికి వచ్చింది. పాషాణం అక్కర్లేదు, ఇంజెక్షను అక్కర్లేదు. కొద్ది రోజుల్లో దగ్గు తగ్గుతోంది. వారాల్లో కణాల లెక్క దిగుతోంది.

మన రైతుకు అది 1956లో అందిందనుకుందాం. అప్పటికి ఆయనకు యాభై దగ్గర పడుతోంది. మూడు వారాల మాత్రలతో పద్దెనిమిదేళ్ళ దగ్గు ఆగింది. ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి వాచి ఉన్న ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చ కట్టాక ఏ మాత్రా వాటిని వెనక్కి తేలేదు. గట్టు మీద నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం ఆయనకు చివరిదాకా ఉంటుంది. ఆలస్యం అయినవాళ్ళకు ఇప్పటికీ ఇదే జరుగుతోంది.

రాయవేలూరులో దొరికిన జాడ

ఫైలేరియా మందుకు తగ్గుతోందంటే ఇది ఫైలేరియా జబ్బేనా? అలాగైతే నెత్తురులో పురుగు కనపడాలి కదా? ఫైలేరియా పిల్లపురుగులు రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య నెత్తురులో తిరుగుతాయి కాబట్టి సర్వే వాళ్ళు రాత్రుళ్ళు వచ్చి నెత్తురు తీసుకునేవారు. ఈ రోగులకు అర్ధరాత్రి తీసినా పురుగు కనపడదు.

నెల్లూరు జిల్లావాళ్ళు పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు పోవడం పాత అలవాటు. జవాబు కూడా అక్కడే దొరికింది. 1960లో వేలూరు సీఎంసీ డాక్టర్లు వెబ్, జాబ్, గాల్ట్ 'లాన్సెట్'లో ఒక వ్యాసం రాశారు. ట్రాపికల్ ఇసినోఫీలియా రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫు గ్రంథుల ముక్కలు కోసి చూస్తే, నెత్తురులో దొరకని పిల్లపురుగులు అక్కడ దొరికాయి.

సంగతేమిటంటే, క్యూలెక్స్ దోమ కుట్టి ఫైలేరియా సోకినవాళ్ళలో చాలామంది ఒళ్ళు ఆ పురుగుతో రాజీ పడుతుంది. పిల్లపురుగులు నెత్తురులో తిరుగుతున్నా దగ్గూ ఆయాసమూ ఉండవు. కొద్దిమంది ఒళ్ళు మాత్రం రాజీ పడదు. పిల్లపురుగులు ఊపిరితిత్తుల సన్న నాళాల్లోకి రాగానే పట్టుకుని చంపేస్తుంది. ఆ పనికి ఇసినోఫిల్ కణాలు గుంపులుగా దిగి తమ రేణువుల్లోని విషాన్ని కుమ్మరిస్తాయి. పురుగు చస్తుంది, చుట్టూ ఉన్న ఊపిరితిత్తీ వాస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. మద్రాసు చెట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రంలో డాక్టర్ విజయన్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ఇలాంటి రోగుల ఊపిరితిత్తులను సెలైన్‌తో కడిగి ఆ నీటిని పరీక్షించారు. 1987లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం అందులోని కణాల్లో దాదాపు సగం ఇసినోఫిల్సే. చికిత్స మొదలయ్యాక రెండు వారాల్లో అవి బాగా తగ్గాయి.

అదే మనిషి ఇవాళ వస్తే

ఇప్పుడు ఆ రైతునే ఇవాళ్టి ఛాతీ వైద్య నిపుణుడి ముందు కూర్చోబెడదాం. చేతిలో మనుబోలు ల్యాబులో చేయించిన రిపోర్టు.

"ఇస్నోఫీలియా అంట సారూ. చల్లటియి తినొద్దన్నారు, దుమ్ములో తిరగొద్దన్నారు. మా బంధువు వాడే మాత్రే తెచ్చుకుని మింగినా."

డాక్టరు ముందు రిపోర్టులో శాతం పక్కన పెడతాడు. శాతం మోసం చేస్తుంది. మొత్తం తెల్ల కణాలు నాలుగు వేలే ఉన్నప్పుడు పది శాతం అంటే నాలుగు వందలు. అది మామూలే. మొత్తం పద్దెనిమిది వేలుండి నలభై శాతం అంటే ఏడు వేల రెండు వందలు. అది తీవ్రం. ఐదు వందల నుంచి పదిహేను వందల దాకా స్వల్పం, ఐదు వేల దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. పదిహేను వందలు దాటి అలాగే నిలిచి ఉంటే నిపుణుడు చూడాల్సిందే.

తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. దగ్గు ఎప్పుడొస్తుంది? ఒంటి మీద దద్దుర్లున్నాయా? చెప్పుల్లేకుండా మడిలో దిగుతావా? ఈమధ్య కొత్త మందులేమైనా వాడావా? మూర్ఛ మందులు, గౌట్ అనే కీళ్ళ జబ్బుకు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మాత్రలు కూడా ఇసినోఫిల్స్ పెంచుతాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే తెస్తాయి. విదేశాల్లో పనిచేశావా? ఓడ మీద వెళ్ళావా? మధ్య ఆఫ్రికాలో ఉండే లోవా లోవా అనే పురుగు ఒంట్లో ఉన్నవాడికి ఇదే హెట్రజాన్ మాత్ర మెదడు వాపు తెచ్చి చంపగలదు. అందుకే కామెరూన్ నుంచో కాంగో నుంచో వచ్చినవాడికి చీటీ రాసేముందు డాక్టరు ఆగుతాడు.

మూడు రోజుల మలపరీక్ష. కొంకిపురుగు, ఏలికపాముల కోసం. స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్న పురుగు కోసం విడిగా రక్తపరీక్ష. ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే పరీక్ష. ఐజీఈ, ఫైలేరియా యాంటీబాడీలు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆస్పర్జిల్లస్ బూజు పరీక్ష. క్షయ కోసం గల్ల పరీక్ష, ఆరోగ్యవరంలో చేసినట్టే. ఇసినోఫిల్స్ బాగా ఎక్కువగా ఉంటే ఈసీజీ, ఎకో, ట్రోపోనిన్. ఈ కణాలు గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తాయి. రోగికి ఛాతీలో నొప్పి లేదన్నంత మాత్రాన వదలకూడదు.

మన రైతు విషయంలో లెక్క కుదిరింది. ఫైలేరియా ఉన్న కోస్తా మనిషి. రాత్రి దగ్గు, పిల్లికూతలు. ఇసినోఫిల్స్ మూడు వేలకు పైన. ఐజీఈ వెయ్యి యూనిట్లకు పైన. ఫైలేరియా యాంటీబాడీలు బాగా ఎక్కువ. నెత్తురులో పురుగు లేదు. మిగతా కారణాలు లేవు. ఇక చికిత్స. కిలో బరువుకు ఆరు మిల్లీగ్రాముల చొప్పున రోజుకు డైఇథైల్ కార్బమజీన్, మూడు వారాలు. అరవై కిలోల మనిషికి రోజుకు 360 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా, అన్నం తిన్నాక. ఎలుకల మీద పరీక్షించి 1947లో ఫలితాలు ప్రచురించిన మందే.

చికిత్స అక్కడితో అయిపోదు. కోర్సు ముగిశాక మళ్ళీ లెక్క. కొన్ని నెలలకు మరోసారి. ఐదేళ్ళలో ఐదుగురిలో ఒకరికి దాకా తిరగబెట్టవచ్చు. మూడు వారాలకూ లెక్క దిగలేదంటే "ఇంకో మూడు వారాలు వాడు" అని చీటీ తిరగరాయడం నిపుణుడి పని కాదు. రోగనిర్ధారణనే మళ్ళీ మొదలుపెట్టాలి.

తొందర పడినచోట

ఆ మళ్ళీ మొదలుపెట్టడంలోనే అరుదైన జబ్బులు బయటపడతాయి. ఉబ్బసం, సైనసులు, ఇసినోఫిల్స్ పెరగడం, కాళ్ళూ చేతులూ మొద్దుబారడం ఒకే మనిషిలో కనబడితే అది రక్తనాళాల వాపు కావచ్చు. ప్లీహం పెరిగి, బీ12 విపరీతంగా ఉండి, పదిహేను వందలు దాటిన లెక్క దిగిరాకపోతే ఎముక మజ్జ చూడాలి. కొందరిలో రెండు జన్యువులు అతుక్కుపోయి కణాలను ఆగకుండా తయారు చేయిస్తాయని 2003లో తేలింది. వాళ్ళకు ఇమాటినిబ్ మాత్ర చిన్న మోతాదులోనే అద్భుతంగా పనిచేస్తుంది. ఒకప్పుడు గుండె పాడై ఏళ్ళలో పోయేవాళ్ళు ఇప్పుడు మాత్ర మింగి పనులకు పోతున్నారు. ఇసినోఫిల్స్‌ను పెంచే సంకేతాన్ని అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్ కూడా వచ్చింది. ఇవన్నీ కారణం తెలిసినవాళ్ళకే అందే మందులు.

మన పల్లెల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. ఆయాసం తగ్గడం లేదని మందుల షాపులో స్టిరాయిడు మాత్రలు కొనుక్కోవడం. వాటితో ఇసినోఫిల్స్ రెండు రోజుల్లో మాయమవుతాయి. ఊపిరి హాయిగా ఉంటుంది. కారణం లోపలే ఉండిపోతుంది. అది క్షయ అయితే ముదురుతుంది. చెప్పుల్లేని కాళ్ళ గుండా ఒంట్లోకి వచ్చి పదుల ఏళ్ళు దాక్కోగల స్ట్రాంగిలాయిడ్స్ పురుగు అయితే, స్టిరాయిడు పడగానే విజృంభించి ఒళ్ళంతా పాకుతుంది. అలా ఐసీయూ చేరినవాళ్ళు చాలామంది తిరిగి రారు. స్టిరాయిడు ఇవ్వక తప్పనప్పుడు కూడా ముందు ఆ పురుగు సంగతి చూసుకుని, అవసరమైతే ఐవర్‌మెక్టిన్ ఇచ్చి, ఆ తర్వాతే ఇస్తారు.

రిపోర్టులో ఇసినోఫిల్స్ ఎక్కువ అని వస్తే అది రోగం పేరు కాదు, ఒంట్లో ఏదో నడుస్తోందని చెప్పే ఆనవాలు. దాన్ని తగ్గించడం తేలిక. అది ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికే డాక్టరు కావాలి. ఆరోగ్యవరం డాక్టర్ల చేతిలో మందు లేదు. ఎందుకు అన్న ప్రశ్న ఉంది. ఇప్పుడు మందులన్నీ ఉన్నాయి. ప్రశ్నే అడగకుండా మింగేస్తున్నాం.

కాబట్టి మనుబోలు, గూడూరు, కృష్ణపట్నం, కోస్తాలో ఏ ఊరివాళ్ళయినా సరే, నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. రెండు వారాలకు మించిన దగ్గు ఏదైనా ముందు క్షయ పరీక్ష చేయించుకోండి, అది ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రక్తపరీక్ష రిపోర్టులో శాతంతో సరిపెట్టుకోకుండా మొత్తం ఇసినోఫిల్స్ ఎన్నో అడిగి రాయించుకోండి. చీటీ లేకుండా స్టిరాయిడు మాత్ర ముట్టొద్దు. మీరు వాడిన మందులన్నీ, తిరిగిన ఊళ్ళన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇంకొక్కటి. 2004 నుంచి మన దేశంలో ఫైలేరియా జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి డీఈసీ, అంటే డైఇథైల్ కార్బమజీన్ మాత్రలు ఇస్తున్నారు. 2027 నాటికి ఈ జబ్బును దేశం నుంచి తరిమెయ్యాలన్నది ప్రభుత్వ లక్ష్యం. రెండేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళు తప్ప అందరూ అవి వేసుకోవాలి. "నాకేం లేదు, నాకెందుకు?" అని చాలామంది వాటిని జేబులో వేసుకుని తర్వాత పారేస్తున్నారు. అది యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల ఇచ్చిన మందు. ఈసారి మీ గడప దగ్గరికి వస్తే, తెచ్చిన మనిషి ముందే మింగండి.